బావి ఉన్న ఇల్లు ఎవరు కొంటరు?

ఇల్లు కొననీకి వచ్చిన మగోళ్లు ముందుగాల పైకి చూస్తరు. కప్పు ఎట్లుంది, పైన ఇంకో అంతస్తు లేస్తదా అని. ఆడోళ్లు కిందికి చూస్తరు. గచ్చు ఎటు వాలింది, నీళ్లు ఎటు పోతయి, చీపురు ఏ మూల దాక పోతది అని. ఈ ముచ్చట నాకు ఎవ్వరు నేర్పలె. పాతబస్తీల ఇండ్లు చూపెట్టుకుంట తిరిగి తిరిగి నేనే కనిపెట్టిన. ఇప్పుడు ఈ పనిలకు కొత్తగ వస్తున్న పిల్లలు ఫోన్ల వీడియో తీసి, లొకేషన్ పంపి, కూసున్న కాడికెళ్ళే ఇల్లు అమ్ముతున్నరు. మంచిదే, నా మోకాళ్లు గూడ గదే కోరుకున్నయి. కాని కొన్ని ఇండ్లు వీడియోకు దొరకయి. నేను పని బంజేసే ముందు అమ్మిన గసొంటి ఇల్లొకటి ఉంది. దాని సంగతి చెప్త.

నేను బ్రోకర్నైతనని ఎన్నడు అనుకోలె. ఒక ప్రైవేట్ బడిల ఆయాగ చేసేదాన్ని. అక్కడి టీచరమ్మలకు కిరాయి రూములు ఎతికిపెట్టుకుంట ఉంటె ఈ పని చేతికంటుకున్నది. శాలిబండ బస్టాపు దగ్గర ఒక భాయ్‌కి చిన్న ఆఫీసుండె. ఒక బల్ల, రెండు కుర్సీలు, చప్పుడు ఎక్కువ గాలి తక్కువ ఫ్యాన్. ఆయనకు ఒక్కటే తిప్పలు. ఇల్లంత చూపెట్టాల్నంటె లోపట ఆడోళ్లుంటరు, ఈయనను గడప దాటనియ్యరు. "బెహన్, లోపట నువ్వు చూపెట్టు, బయట నేను మాట్లాడ్త" అన్నడు. గట్ల కలిసినం. లొల్లి పెట్టుకున్న రోజులు మస్తున్నయి గని ఇడిపోయిన రోజు లేదు.

ఆ ఇల్లు శాలిబండ మెయిన్ రోడ్డుకెళ్ళి లోపటికి పోయే ఒక సన్న గల్లీల ఉంటది. ఎదురెదురుగ ఇద్దరొస్తె ఒకరు గోడకు ఒరగాలె. స్కూటర్ పోతది, ఆటో పోదు. ఇంటాయన సర్కారు బస్సు డ్రైవర్ చేసి రిటైరైండు. ఇంటామె పుట్టిల్లు కార్వాన్, పాలు అమ్ముకునే ఇంటి బిడ్డ. నాకంటె కొంచెం పెద్దది, అందుకే అక్కా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను చెల్లె అనేది.

ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయి. మాట మెల్లగైంది. దవాఖానకు పోవాల్నంటె ఆయన్ని కుర్సీల కూసోబెట్టి, గల్లీల మగోళ్లు నలుగురు ఎత్తుకొని మెయిన్ రోడ్డు దాక తీస్కపోయేది. ఎవ్వరు ఎన్నడు కాదనలె. కాని ఒకనాడు మధ్యాహ్నం ఆయనకు పానం బాగలేకుంటైంది. మగోళ్లందరు పనుల మీద పోయిన్రు. ఆమె కుర్సీని గుంజుకుంట మలుపు దాక తెచ్చి, అక్కడ ఆగిపోయి, ఎవరన్న వస్తరేమోనని ఎండల నిలబడ్డది. ఆ దినమే అనుకున్నదట, ఇగ ఈ ఇల్లు అమ్మాలె అని.

కార్వాన్‌ల పుట్టింటోళ్ల పక్కనే ఒక ఇల్లు దొరికింది. మెట్లు లేవు, ఆటో గుమ్మం ముందర ఆగుతది. ఆ ఇంటోళ్లు మంచోళ్లు, బోనాల దాక ఆగుతమన్నరు. గప్పటికి ఎండకాలం ఇంక మొదలే. మస్తు టైముందని అనుకున్నం.

శాలిబండ ఇల్లు చిన్నదే గని గట్టిది. డంగుసున్నం గోడలు, రెండు అర్రలు, వంటిల్లు. ముందర వాకిట్ల బావి. దాని మీద ఇనుప జాలి, గిరక, బొక్కెన. భాయ్ దాన్ని చూసి పెదవి ఇరిసిండు. "వాకిట్ల బావంటె పిల్లలున్నోళ్లు భయపడ్తరు, వాస్తు చూసేటోళ్లు ఇంక భయపడ్తరు" అన్నడు. నిజమే గద.

మొదటి పార్టీ ఇనుప సామాన్ల దుకాణమాయన, ఆయన భార్య. నేను ఆమెకు లోపట చూపెడుతుంటె, భాయ్ గుమ్మంల నిలబడి ఆయనతోని అంటుండు, "బావి ఫికర్ చెయ్యకున్రి సేఠ్, మట్టి ఏసి పూడ్చుకున్నరంటె ఇంకో అర్ర ఎల్తది." భాయ్ గొంతు చిన్నది కాదు. చెవిల చెప్పిన మాట గూడ గల్లీ చివరికి పోతది. ఆ భార్యాభర్తలకు ఇల్లు నచ్చింది. రేపొచ్చి బయానా ఇస్తమన్నరు. తెల్లారి ఫోన్ చేసి వాస్తు కుదరలేదన్నరు.

రెండోది ఒక ఆఫీసుల క్లర్క్ చేసే ఆయన, ఆయన భార్య. ఆమె వంటిల్లు చూసి, ఏడ ఏ డబ్బా పెట్టాల్నో గూడ నాకు చెప్పింది. సామాను సదురుకునుడు మొదలైందంటె ఇల్లు అమ్ముడువోయినట్టే. కాని వాళ్లు గూడ రాలె. పిల్లల బడి దూరమైతదట.

మూడోది ఇద్దరు అన్నదమ్ములు. మూడు రోజులకు ఫోన్ చేస్తె, "మా అమ్మకు ఇల్లు నచ్చలేదు" అన్నరు.

భాయ్ నెత్తి పట్టుకున్నడు. "నజర్ తగిలింది బెహన్, ఈ ఇంటికి పక్కా నజర్ తగిలింది." ముందర గోడకు సున్నం ఏయించిండు. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టించిండు. నాకైతె చిన్నప్పటికెళ్ళి ఒక రోగముంది. కారణం తెల్వకపోతె అన్నం సయించది. వాస్తు కుదరలేదన్నది ఒప్పుకుంట. బడి దూరమన్నది గూడ ఒప్పుకుంట. కాని ఆ అన్నదమ్ముల అమ్మ ఇల్లు చూడనీకే రాలె. చూడని ఇల్లు నచ్చకపోవుడేంది?

ఫోన్ల అడిగితె ఎవ్వరు నిజం చెప్పరు. ఆ క్లర్కాయన కిరాయింటికి నేనే పోయిన. ఆయన భార్య చాయ్ పెట్టింది. ఎండల గురించి, పిల్లల పరీక్షల గురించి మాట్లాడినం. లేవబోతుంటె అడిగిన.

"నిజం చెప్పు బిడ్డా. వంటింట్ల డబ్బాలు గూడ సదిరినవు. బడి దూరమైతదని నీకు గప్పుడు తెల్వదా?"

ఆమె తలుపు దిక్కు చూసి మెల్లగన్నది. "ఆ బావిల ఒక పెండ్లికూతురు పడ్డదట గద ఆంటీ. చేతుల గాజులు చేతులకే ఉండంగ. తెలిసి తెలిసి చిన్నపిల్లలను ఏస్కొని ఎట్ల పోవాలె?"

"ఎవరు చెప్పిన్రు?"

"మలుపు కాడ అరుగు మీద కూసుంటది సూడు, ముసలామె. గల్లీ ఎట్లుంటదమ్మా అని మేమే అడిగినం."

ఆ ముసలామెను నేనెరుగుదు. గల్లీల అందరు ఖాలా అంటరు, చిన్నమ్మా అన్నట్టు. పొద్దంత అరుగు మీదనే కూసోని, పోయేటోళ్లను వచ్చేటోళ్లను చూసుకుంట ఏదో ఒక పని చేస్తుంటది. ఆమె మాట సగం ఉర్దూ సగం తెలుగు, నేను మొత్తం తెలుగుల చెప్త. పోయేసరికి బియ్యం చెరుగుతున్నది. పక్కన కూసున్న.

"ఖాలా, ఆ బావిల పెండ్లికూతురు పడ్డదా?"

"పడ్డది."

"సచ్చిపోయిందా?"

ఆమె చాట ఆపింది. "సచ్చిపోయిందని నేను ఎవరికి చెప్పిన?"

"మరేమైంది?"

"గదే నేను సూస్తున్న. వచ్చినోళ్లందరు పడ్డదన్నదాక విని ఉరుకుతున్నరు. తర్వాతేమైందని ఒక్కరన్న అడగాలె గద? నువ్వొక్కదానివే అడిగినవు." మళ్ల చాట అందుకున్నది. "నేనైతె అబద్ధమాడలె. మిగిలింది ఆ ఇంట్లనే అడుగు పో."

పోయిన. అక్క మంచం పక్కన కూసోని, ఆయన పడిపోయిన చేతికి నూనె రాస్తున్నది. మంచం కిటికి పక్కన ఉంటది. నాకు ఎట్ల మొదలుపెట్టాల్నో అర్థం కాలె. ఇంటోళ్లను మీ ఇంట్ల ఎవరన్న సచ్చిపోయిన్రా అని ఎట్ల అడుగుతం?

"అక్కా, ఏమనుకోకు. మీ బావిల ఎన్నడన్న ఎవరన్న పడ్డరా?"

ఆమె నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. "ఇంకెవరు చెల్లె, నేనే."

పెండ్లైన కొత్తల. చేతుల మెహందీ ఇంక పోలె. వానకాలం, బావి చుట్టు పాకురు పట్టింది. గప్పుడు మీద జాలి లేదు. నీళ్లు చేదుతుంటె కాలు జారి లోపటికి పోయింది. బొక్కెన తాడు చేతికి దొరికింది కాబట్టి మునగలె.

"మా అత్త ఒర్రుడు ఒర్రుడు కాదు" అన్నది అక్క. "మగోళ్లు ఎవ్వరు లేరు. మలుపు కాడి ఖాలా ఉంది గద, ఆమె గప్పుడు కొత్త కోడలే. పర్దా ఇల్లు, గడప దాటి ఎరుగదు. బుర్ఖా లేదు, చెప్పులు లేవు, గట్లనే ఉరికొచ్చింది. గల్లీల ఆడోళ్లు చీరలు, దుపట్టాలు ముడేసి తాడు చేసిన్రు. ఖాలా బావి గోడ మీద బోర్ల పండుకొని చెయ్యి ఇచ్చింది. పైకొచ్చినంక ఇద్దరం కలిసి ఏడ్సినం. తర్వాత ఆమెను ఇంట్లోళ్లు తిట్టిన్రట, ముసుగు లేకుండ గల్లీలకు పోయినవని."

"మరి అన్న?"

"ఈయన బస్సు మీదుండె. శాలిబండ స్టాపుల ఎవరో చెప్పిన్రట, నీ పెండ్లాం బావిల పడ్డదని. బస్సు నిండ జనం, గట్లనే ఇడ్సిపెట్టి ఉరికొచ్చిండు. మెమో ఇచ్చిన్రు."

మంచం మీదికెళ్ళి ఆయన మెల్లగన్నడు. "రెండు... మెమోలు."

"రెండోది ఎందుకు అన్నా?"

"బస్సు తాళం... జేబులనే... పెట్టుకొచ్చిన."

ముగ్గురం మస్తు నవ్వినం. నవ్వు అయిపోయినంక అక్క కండ్లు తుడుసుకొని అడిగింది, "అవ్ గని, ఇప్పుడెందుకు అడిగినవ్?"

చెప్పకపోతె బాగుండునేమో. కాని ఇల్లు ఆమెది, సంగతి ఆమెదే. చెప్పిన. మూడు పార్టీలు ఎందుకు పోయిన్రో, ఎవరి మాట విని పోయిన్రో అంత చెప్పిన.

ఆమె మొఖం మారింది. "ఖాలానా?" అన్నది. ఇంకొకసారి అన్నది, "మా ఖాలానా?" లేసి పోయి గల్లీ తలుపు మూసి గొళ్లెం పెట్టింది. ఆ తలుపు పగటిపూట మూసి ఉండంగ నేనెన్నడు చూడలె. నల్లా సరిగ రాని ఎండకాలంల గల్లీల ఆడోళ్లంత పొద్దుగాల బిందెలు పట్టుకొని ఆ బావికే వచ్చేది. తెల్లారి వచ్చినోళ్లు మూసిన తలుపు చూసి, కొంచెంసేపు నిలబడి, ఉత్త బిందెలతోని మర్లిపోయిన్రట.

రెండు దినాలకు ఆయన దవాఖానకు పోయే రోజు వచ్చింది. మగోళ్లు ఎప్పటి తీరుగ కుర్సీ ఎత్తనీకి వచ్చిన్రు. అక్క తలుపు తియ్యకుంటనే "మీరక్కర లేదు" అన్నది. నాకు ఫోన్ చేసింది. నేను భాయ్‌ని ఎంటపెట్టుకొని పోయిన. భాయ్ ముందర పట్టిండు, ఎనక నేనొక దిక్కు, అక్కొక దిక్కు. ఇండ్లు చూపెట్టే పనిల ఇంటాయనను గూడ మోయాల్సొస్తదని భాయ్ కలల గూడ అనుకోలె. గల్లీల ప్రతి గుమ్మం కాడ మనుషులు నిలబడి చూస్తున్నరు. మలుపు కాడికి వచ్చేసరికి భాయ్ నడుం పట్టేసింది. "యా అల్లా" అనుకుంట వంగిపోయిండు. కుర్సీ ఒక పక్కకు ఒరిగింది. ఖాలా అరుగు మీదికెళ్ళి దిగి కుర్సీ చెయ్యి పట్టుకున్నది.

"కింద పెట్టున్రి. మనిషిని పడగొడ్తరు."

"ఇడువు ఖాలా" అన్నది అక్క. "పడితె మేమే లేపుకుంటం. మా ఇల్లు అమ్ముడువోకుంట చేసింది సాలదా? ఇగ సచ్చేదాక ఈయనను మీరే మోస్తరా?"

"మోస్తం."

"మీ మగోళ్లు ఇంటికాడున్ననాడు మోస్తరు. లేనినాడు ఇదే మలుపు కాడ ఎండల నేను ఎంతసేపు నిలబడ్డ? నువ్వు చూడలేదా?"

ఖాలా తల దించుకున్నది. నాకు యాదికున్నది ఆమె మొఖం. తిట్టు పడ్డ మొఖం కాదు, ఆ రోజును ఆమె గూడ మర్సిపోలేని మొఖం. కుర్సీ చెయ్యి ఇడువకుంటనే అన్నది, "మీరు పొండ్రి. ఆయనకు బాగుంటదంటె నేనెందుకు వద్దంట? పోయేటప్పుడు బావిని ఎందుకు చంపి పోతున్రు?"

"బావిని ఎవరు చంపుతున్నరు?"

ఖాలా ఏలు చూపెట్టింది, నడుం పట్టుకొని గోడకు ఒరిగిన భాయ్ దిక్కు. "ఈయనను అడుగు. వచ్చినోళ్లందరికి మట్టి ఏసి పూడ్చుకోన్రి, అర్ర ఎల్తది అని ఒర్రి ఒర్రి చెప్తలేడా? నల్లా నీళ్లు సాలయి. ట్యాంకర్ పిలుద్దమంటె, ఆటో రాని గల్లీకి ట్యాంకర్ ఎట్లొస్తది?"

నాకు ఆ మాట నెత్తి మీద మొట్టినట్టైంది. ఆటో రాదని అక్క ఇల్లు అమ్ముతున్నది. ట్యాంకర్ రాదని ఖాలా అమ్మనిస్తలేదు. ఇద్దరి తిప్పలు ఒక్కటే, గల్లీ సన్నగున్నది. ఇన్ని దినాలు ఆ గల్లీలకెళ్ళి భుజాలు ముడుసుకొని నడిసిన నాకు ఈ సంగతి తట్టలె.

అక్క భాయ్‌ని చూసింది. ఎవరొచ్చినా వంటింట్ల స్టవ్ చప్పుడుల చాయ్ పెడుతుండే ఆమెకు గుమ్మంల మాటలు తెల్వయి. గప్పుడు కుర్సీలకెళ్ళి ఆయన గొంతు ఇనవడ్డది. ఆయన మాట్లాడ్తె అందరు ఆగుతరు, మాట మాటకు నడుమ టైం పడ్తది గద.

"నేను... విన్న."

"ఏం విన్నవ్?" అన్నది అక్క.

"రెండూ. భాయ్ చెప్పింది... ఖాలా చెప్పింది. నా మంచం... కిటికి కాడనే గద. సన్న గల్లీ... మలుపు కాడి మాట గూడ... వినవడ్తది."

"విని నాకెందుకు చెప్పలె?"

ఆయన కాసేపు పెదవులు తడుపుకున్నడు. "బావి పూడుస్తరంటె... నాకు గూడ... మనసొప్పలె."

అక్క అరుగు మీద కూలబడ్డది. కోపం ఏడ పెట్టుకోవాల్నో ఆమెకు తెలుస్తలేదు. ఖాలా పక్కకొచ్చి కూసున్నది. ఇద్దరు ఒకరినొకరు చూసుకోలె. ఖాలా చేతితోని సైగ చేస్తె మగోళ్లు వచ్చి కుర్సీ అందుకున్నరు. ఈసారి అక్క వద్దనలె. భాయ్‌ని నడిపించుకుంట నేను ఎనక పోయిన. ఆ రోజు దవాఖానల డాక్టర్ ఇద్దరిని చూసిండు.

తిరిగొచ్చినంక నేను అక్కతోని అన్న, "ఇన్ని రోజులు బావిని తప్పుల తీరుగ దాచుకుంట అమ్మినం. ఇగ బావినే ముందర పెట్టి అమ్ముదం."

భాయ్ నడుముకు పట్టీ కట్టుకొని కూసున్నడు. "బావి కావాల్నని ఎవడు కొంటడు బెహన్?"

"గదే నేను చూడాలె."

నిజం చెప్పాల్నంటె నాకు గూడ నమ్మకం లేకుండె. కాని చూడాల్నన్న ఆత్రం ఉండె. ఖాలా అన్నది, పూడ్చనోళ్లు వస్తె నేను నోరు తెరువ అని. అక్క ఊకోలె. "తెరువు ఖాలా. సగం కాదు, మొత్తం చెప్పు" అన్నది. తెల్లారి గల్లీ తలుపు తెరిసే ఉండె.

ఎండకాలం ముదిరింది. ఇద్దరు ముగ్గురొచ్చిన్రు. బావి ఉంచాల్నని చెప్పంగనే నవ్వి పోయిన్రు. కార్వాన్ ఇంటోళ్లు ఫోన్ చేసి మర్యాదగనే అడిగిన్రు, ఇంక ఎన్ని దినాలని. అక్క ఫోన్ చెవికాడ పెట్టుకొని నన్ను చూసేది. నేను కొత్త పార్టీ ఎవరన్న ఉన్నరా అని నా ఫోన్ తీసేదాన్ని.

గప్పుడే మా చుట్టాలింట్ల పెండ్లికని పత్తర్‌గట్టి పోయిన, ఒక పిల్ల లంగాకు జోడుగ దుపట్టాకు రంగు ఏయించాల్నని. అక్కడి సందుల ఒకాయన పొయ్యి మీద గిన్నె పెట్టి దుపట్టాలకు రంగులేస్తడు. నా కండ్ల ముందరనే ఒకామె వచ్చి లొల్లి పెట్టింది, లేత గులాబి అడిగితె మబ్బు మబ్బుగ వచ్చిందని. ఆయన ఆమెను పంపించి నాతోని అన్నడు, "నా చెయ్యి తప్పు కాదమ్మా, నీళ్ల తప్పు. బోరు నీళ్ల ఉప్పుకు లేత రంగు నిలవది. మంచి నీళ్లు కొనుక్కొచ్చి ఏస్తె నాకేం మిగుల్తది?"

నేను దుపట్టా సంగతి మర్సిపోయిన. "మీరు ఏడుంటరు?" అన్న.

"కిరాయిల. ఎందుకు?"

"సొంతిల్లు చూస్తున్రా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసిండు. "మీకెట్ల తెలుసు?"

తెల్వదు. అడిగిన, గంతే. ఈ పనిల సగం గట్లనే నడుస్తది.

తెల్లారే ఆయన, ఆయన భార్య వచ్చిన్రు. నేను భాయ్‌తోని ముందే చెప్పిన, నువ్వు గుమ్మంల నిలబడు గని మాట్లాడకు అని. ఆయన భార్య బుర్ఖా పైకి జరుపుకొని వాకిట్ల నిలబడ్డది. సన్నటి మనిషి, చూపు మాత్రం గట్టిది. అర్రలు చూడలె, వంటిల్లు చూడలె, సీద బావి కాడికి పోయింది. ఖాలా గూడ వచ్చి గుమ్మంల నిలబడ్డది. ఆమె ఎనక బిందెలు పట్టుకొని గల్లీల ఆడోళ్లు.

అక్క అన్నది, "బిడ్డా, కొనే ముందర ఒక సంగతి చెప్పాలె. ఈ బావిల ఒక పెండ్లికూతురు పడ్డది."

రంగులాయన భార్యను చూసిండు. ఆమె అక్కను చూసింది. "తర్వాత?"

నేను ఖాలా దిక్కు చూసిన. ఖాలా పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది, దాచుకున్నది.

అక్క మొత్తం చెప్పింది. నడుమ నడుమ ఖాలా అందుకున్నది. "గా దుపట్టా నాది, నా పెండ్లిది, మళ్ల రాలె బావిలకెళ్ళి" అని ఒకటి. "ఈమె పైకి రాంగనే ఏమన్నదో తెలుసా? బొక్కెన పోయింది, అత్త తిడ్తది అన్నది" అని ఇంకొకటి. లోపట మంచం మీదికెళ్ళి ఆయన గూడ మెమోల సంగతి కలిపిండు. గల్లీల ఆడోళ్లు అందరికి తెల్సిన కథే. అయినా మొదటిసారి విన్నట్టు విన్నరు.

అంత అయిపోయింది. అందరి కండ్లు ఆ కొత్తామె మీదనే. పొద్దుగాల ఇంత మంది నీళ్లకొస్తరని గూడ చెప్పినం. ఆమె బొక్కెనలకెళ్ళి దోసిట్ల నీళ్లు తీస్కొని నాలికకు తగిలించుకున్నది.

"ఈ నీళ్లల్ల పప్పు ఉడుకుతదా?"

భాయ్ బిత్తరపోయి నన్ను చూసిండు. ఆడోళ్లు మాత్రం గుసగుస మొదలుపెట్టిన్రు. ఎవరికి తెల్వదు ఆ ముచ్చట? ఉప్పు నీళ్లల్ల కందిపప్పు ఎంత మంట పెట్టినా రాళ్ల తీరుగనే ఉంటది.

"ఉడుకుతదా అంటె ఏం చెప్త, చూపెడ్త" అన్నది అక్క. కుక్కర్ వద్దన్నది. మామూలు గిన్నెల బావి నీళ్లు పోసి, కందిపప్పు కడిగి ఏసి, పొయ్యి మీద పెట్టింది. ఇగ అందరం వాకిట్ల కూసున్నం. నేను మస్తు ఇండ్లు అమ్మిన. ప్లాను చూపెట్టి, కొలతలు చూపెట్టి, దేవుని మీద ఒట్టు పెట్టుకొని అమ్మిన. పప్పు ఉడికేదాక కూసోని ఎన్నడు అమ్మలె. మాటల్ల పడ్డం గని అందరి చెవులు వంటింటి దిక్కే ఉన్నయి. నాకైతె ఒకటే భయం, ఈ ఇంటోళ్లకు అలవాటైన నీళ్లు, మెచ్చుకునేది ప్రేమతోనా నిజంగనా అని. రంగులాయన ఒక గిన్నెల నీళ్లు పోసుకొని, జేబులకెళ్ళి చిన్న పొట్లం తీసి చిటికెడు రంగు కలిపి, తన రుమాలు అంచు ముంచి ఎండకు పట్టి చూస్తున్నడు.

అక్క గరిటెతోని పప్పు తీసి ఆ కొత్తామె అరచేతిల ఏసింది. ఆమె రెండేళ్లతోని నలిపింది. ఎన్నముద్ద తీరుగ నలిగింది. ఆమె మొగుడు రుమాలు ఎత్తి చూపెట్టిండు, లేత గులాబి.

"మట్టి ఏయం" అన్నదామె, అక్కతోని కాదు, గుమ్మంల నిలబడ్డ ఖాలాతోని. "పొద్దుగాల తలుపు తీసే పెడ్త. రంగు పని దుకాణంలనే, ఇక్కడ కాదు. కాని దుకాణానికి తీస్కపోయే మా క్యాన్లు నిండినంకనే బిందెలు."

"ముందు బిందెలు" అన్నది ఖాలా.

అట్ల మొదలైన బేరం నేను గని భాయ్ గని చేసిన బేరాల కంటె గట్టిగ నడిసింది. ఇంటి ధర దగ్గర గూడ అంత లొల్లి కాలె. ఆఖరికి బిందెలు, క్యాన్లు వరుసల పెట్టాల్నని ఒప్పుకున్నరు. తర్వాత ఉప్పు, కారం ఏసి ఆ పప్పుతోనే అందరం అన్నం తిన్నం.

భాయ్ బావి సంగతి కాయితం మీద ఎక్కిద్దమన్నడు. నేను వద్దన్న. రాసుకుంటె రేపు ఇద్దరు మనుషులు పోయి ఇద్దరు వకీళ్లు వస్తరు. రాయకుంట నిలబడ్తదా అని భాయ్‌కి అనుమానం. నాకు గూడ ఉండె. అందుకే రిజిస్ట్రేషన్ అయినంక, మా కమీషన్ మాకు ముట్టినంక, ఏం పని లేకున్నా తర్వాతి ఎండకాలం ఒక పొద్దుగాల ఆ గల్లీలకు పోయి చూసిన. తలుపు తెరిసి ఉంది. లోపట లొల్లి నడుస్తుంది, ఎవరి బిందె ముందని. మంచిదే అనుకొని మర్లిన. లొల్లి ఉందంటె నీళ్లున్నట్టే.

పిల్లలకు నేను చెప్పేదొకటే. ఇల్లు చూపెట్టేటప్పుడు పక్కింటోళ్లను గూడ చూడున్రి, వాళ్లు గూడ మిమ్మల్ని చూస్తనే ఉంటరు. ఒకరు ఇల్లు ఎందుకు వద్దన్నరో వాళ్లు చెప్పిన కారణం కాడ ఆగకున్రి. ఇంకొక ప్రశ్న అడగున్రి.

కాని ఆ ఇంటి సంగతి యాదికొస్తె నాకు అమ్మిన రోజు కంటె, అక్కోళ్లు ఖాళీ చేసిన రోజే ముందుగాల యాదికొస్తది. బోనాల ముందటి వారం. సామాను అంత పోయింది. ఆయన్ని మెయిన్ రోడ్డు దాక మోసి ఆటోల కూసోబెట్టిన్రు. గల్లీల అందరు బయటికొచ్చిన్రు, ఖాలా ఒక్కతె రాలె. అరుగు ఉత్తగుంది. తలుపు దగ్గరగ ఏసి ఉంది.

అక్క నా చెయ్యి ఇడ్సిపెట్టి ఆ తలుపు కాడికి పోయింది. తట్టలె. గట్లనే నిలబడ్డది. కొంచెంసేపటికి లోపటికెళ్ళి ఖాలా గొంతు వచ్చింది.

"పోతున్నవా?"

"పోతున్న."

"ఈసారి పడితె గుంజనీకి నేనుండ."

అక్క తలుపుకు నెత్తి ఆనించింది. "ఆడ బావి లేదు ఖాలా" అన్నది.

తలుపు తెరుసుకున్నది. ఖాలా ఉత్త కాళ్లతోనే గడప దాటి వచ్చి, అక్క మొఖం రెండు చేతుల పట్టుకున్నది.

"పడనీకి బావే ఉండాల్నా పిచ్చిదానా? చూసుకొని నడువు."